కరెంటు పోయినా ఆగని ఊళ

కొత్త ఆల్బమ్‌లో ఆఖరి పాట అయిపోయింది. బ్యాండ్‌లోని ముగ్గురూ ఎప్పటిలాగే గిటార్లను యాంప్లిఫయర్లకు ఆనించి, స్పీకర్ల మోత తీగలకు తగిలి వాటంతట అవి ఊళపెట్టేలా వదిలేసి, బయటికొచ్చి తలుపు మూశారు. ఆ ఊళ చచ్చేదాకా రికార్డు చేయడం ముప్పై ఏళ్లుగా వాళ్ల పద్ధతి.

అంతలో కరెంటు పోయింది. తలుపు బయట, బ్యాటరీ మీద నడిచే రికార్డర్ ఒక్కటే ఎర్రగా వెలుగుతోంది. ఊళ మాత్రం ఆగలేదు, ఇంకా పెరిగింది.

“అక్కా, లోపల కరెంటే లేదు,” అన్నాడు డ్రమ్ములు వాయించే తమ్ముడు.

పాటలు పాడే అక్క కళ్లు మెరిశాయి. “తనంతట తానే మోగే ఈ మోత కోసమే కదరా ఇన్నేళ్లూ చెవులు పాడుచేసుకున్నాం! సాధించేశాం!” ముగ్గురూ చీకట్లో గంతులేశారు.

ఊళ టక్కున ఆగింది. లోపల ఎవరో గిటార్ తీగలను ఒక్కొక్కటే శ్రుతి చేసుకుంటున్నారు.

“ఇంకో పాట ఉందిరా, పదండి,” అంటూ అక్క తలుపు తోసింది.