పగిలిన ట్యూబు

ట్యూబు పగిలిన చప్పుడుకన్నా, బయట తాళం పడిన చప్పుడే ఆమెకు గట్టిగా వినిపించింది.

ల్యాబులో అదే రూలు. వైరస్ ట్యూబు పగిలితే, ఆ క్షణాన అక్కడ ఎవరుంటే వాళ్లు పక్కనున్న అద్దాల గదిలోకి. పద్నాలుగు రోజులు. రెండు మంచాలు, ఒక కిటికీ. అదీ తెరుచుకోదు.

పగలగొట్టింది నాన్న. ల్యాబుకు పెద్ద. నెలాఖరుకు రిటైరు. అదే ల్యాబులో పనిచేసే కూతురితో ఐదేళ్లుగా మాట్లాడని మనిషి.

తగువు ఆస్తిది కాదు, పెళ్లిది కాదు. వైరస్‌కు ఒంటినిండా కొక్కేలు. ఆ కొక్కెం మన కణం మీద తనకు సరిపడే గడియకు తగిలిందా, చుట్టమెవరో వచ్చారనుకుని కణమే తలుపు తీస్తుంది. ఆ గడియ ఫలానాదని నాన్న ముప్పై ఏళ్లు పాఠం చెప్పాడు. అది కాదు, దాని పక్కదని కూతురు నిండు సభలో నిరూపించింది. అంతే. అప్పట్నుంచీ ఆమె ఎదురుగా ఉన్నా, "ఆవిడతో చెప్పు" అని అటెండరుకే చెప్పేవాడు.

ఈ గదిలో అటెండరు లేడు.

మూడో రోజు ఆమె గొంతు గరగరలాడింది. నాన్న మీద విరుచుకుపడింది.

"చేతులు వణుకుతుంటే ట్యూబులు ముట్టొద్దని అందరూ మొత్తుకున్నారు, విన్నావా? ఇంటి దగ్గర నా పిల్ల ఎదురుచూస్తోంది. నాకేమన్నా అయితే?"

"ఏమీ కాదు. పడుకో."

ఐదేళ్లకు రాలిన మాటలు అవి!

"గడియ గురించి కూడా ఇంత ధీమాగానే చెప్పావు" అందామె.

ఆయనకు ఫక్కున నవ్వొచ్చింది. ఆ వెంటనే కోపమొచ్చింది. ఏడో రోజుకల్లా ఇద్దరూ అద్దం మీద ఆవిరి ఊది, వేళ్లతో బొమ్మలు గీసి మరీ పోట్లాడుకుంటున్నారు.

పన్నెండో రోజు ఆయన గోడకేసి చూస్తూ గొణిగాడు.

"నీదే నిజం తల్లీ. ఆ రోజే తెలుసు. నోరు పెగల్లేదు."

"ఈ ముక్క చెప్పడానికి చావు గుమ్మందాకా రావాలా నాన్నా!" అంటూ ఆమె దిండులో మొహం దాచుకుంది.

పదిహేనో రోజు తలుపు తెరిచారు. ఇద్దరికీ ఏమీ అంటలేదు. మనవరాలిని చూడాలంటూ ఆయన కూతురింటికి ముందే పరుగెత్తాడు.

ఆమె ల్యాబు సర్దబోయి ఫ్రీజరు తెరిచింది.

పగిలినదానికి జోడీ ట్యూబు మీద, ప్రమాదానికి ముందురోజు తారీఖుతో, వణుకన్నదే లేని నాన్న చేతిరాత: "పై కొక్కేలు మాత్రమే. లోపల ఖాళీ. ఎవరికీ అంటదు."