కమురు వాసన

“ఇస్త్రీ పెట్టె గానీ ఆన్‌లో ఉందామ్మా?” మిషన్ మూత విప్పుతూ మెకానిక్ అడిగాడు.

“ఇవాళ దాని జోలికే పోలేదు నాయనా. చెయ్యి పెట్టి చూడు, చల్లగా ఉంది,” అంది ఆవిడ. “అయినా ఇది ఇస్త్రీ వాసన కాదు. కమురు వాసన. రబ్బరూ జుట్టూ కలిపి కాల్చినట్టు ఉంటుంది.”

ఆవిడ భర్త మంచం మీద కూర్చుని మిషన్ వైపే చూస్తున్నాడు. ఆ మిషన్ ఆయనదే. నిద్రలో ఆయనకు ఊపిరి ఆగిపోతూ ఉంటుంది. ముక్కుకు మాస్కు తగిలించుకుని పడుకుంటే ఈ సీప్యాప్ మిషన్ గొట్టంలోంచి గాలి ఊది ఊపిరిని నిలబెడుతుంది. అది లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దని డాక్టరు ఖండితంగా చెప్పాడు.

సిమెంటు గోడౌన్లో గుమాస్తాగిరీ చేసి చేసి ఆయన ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది. ఆ ఇంట్లో వాసనల శాఖ మొత్తం ఆవిడదే. పక్కవాటాలో పాలు మాడబోతుంటే ఈ గదిలోంచే కేకేసి చెప్పగల మనిషి. అందుకే ఆయన ఆవిడకు ‘ముక్కు పోలీసు’ అని పేరు పెట్టాడు.

ఆ ముక్కే ఇప్పుడు ఇద్దరికీ కంటిమీద కునుకు లేకుండా చేస్తోంది. ఆయన మాస్కు పెట్టుకుని కళ్లు మూయడం ఆలస్యం, “కాలుతోంది, కాలుతోంది” అంటూ ఆవిడ లేచి ప్లగ్గు పీకేస్తుంది. ఇక తెల్లవార్లూ పక్కనే కూర్చుని, ఆయన గురక ఆగినప్పుడల్లా భుజం పట్టి కుదుపుతుంది.

నిద్ర లేకపోతే మనిషి ఏమవుతుందో ఆయన చూస్తూనే ఉన్నాడు. వేసిన కుట్టు విప్పి ఎరగని దర్జీ ఆవిడ, అలాంటిది మొన్న ఒక చొక్కాకు రెండూ ఎడమ చేతులే కుట్టేసింది. టీ గ్లాసు అందిస్తూ అందిస్తూ వదిలేసింది. మాట మధ్యలో ఆగిపోయి, గోడకేసి చూస్తూ ఉండిపోతోంది. పొద్దున లేస్తే తలనొప్పి, నుదుటికి గుడ్డ. ఇదంతా తన జబ్బు తెచ్చిన తంటాయేనని ఆయన తనను తానే తిట్టుకుంటాడు. తన ప్రాణం మీద ఆయనకు అంత తీపేమీ లేదు. ఆవిడ ఇలా రోజురోజుకీ చిక్కిపోవడం మాత్రం చూడలేకపోతున్నాడు.

“ఫిల్టరు శుభ్రంగానే ఉంది. దుమ్ము పట్టి మూసుకుపోతే మోటారు వేడెక్కుతుంది, ఇక్కడ అదేం లేదు,” అన్నాడు మెకానిక్. “అడాప్టరు చల్లగా ఉంది. గాలికి తేమనిచ్చే నీళ్ల డబ్బా మాడలేదు. గోడకున్న సాకెట్టు కూడా విప్పి చూశాను, అందులోనూ ఏమీ లేదు.”

“అయితే నేను అబద్ధమాడుతున్నానా?”

“అలా అనలేదమ్మా. ఇందాకంతా నడిపాను కదా, వాసన వచ్చిందా?”

“రాలేదు. అది వస్తుంది, పోతుంది. వచ్చిందంటే మాత్రం కడుపులో తిప్పేస్తుంది.”

“మిషన్ నిక్షేపంలా ఉందటే. నీ బుర్రలోనే ఏదో కాలుతోంది,” అన్నాడు ఆయన, కాస్త నవ్విద్దామని.

ఆవిడ నవ్వలేదు. “మీకేం, హాయిగా కళ్లు మూసుకుంటారు. ఆ పొగ మాస్కులోంచి లోపలికి పోతే చూడాల్సింది నేను.” మాస్కు తీసుకుని కొంగుతో తుడిచింది. “మొన్న బస్సులో కూడా అదే వాసన. మీరిక్కడ ఒక్కరే పడుకున్నారని గుర్తొచ్చి, సగం దారిలో దిగి పరుగెత్తుకొచ్చాను.”

“బస్సులో వచ్చేది బస్సు వాసనే తల్లీ,” అన్నాడు ఆయన. మెకానిక్ తలెత్తి ఆవిడ వంక ఒకసారి చూసి, మళ్లీ స్క్రూలు బిగించుకున్నాడు.

“ఒక పని చేద్దాం,” అన్నాడు కాసేపటికి. “కొత్త మిషన్ తెచ్చాను. గొట్టం, అడాప్టరు, అన్నీ కొత్తవే. పాతది వసారాలో పెట్టేస్తా. దీంతో వాసన రాకపోతే లోపం పాతదాంట్లోనే ఉన్నట్టు. కొత్తది ఉంచేసుకోండి.”

ఆ మాటకు ఇద్దరి మొహాలూ కొంచెం తేటపడ్డాయి. పాత మిషన్ గది దాటి బయటికి పోయింది. కొత్తది అట్టపెట్టెలోంచి దిగి బల్ల మీద కూర్చుంది.

ఆయన వెల్లకిలా పడుకున్నాడు. ఆవిడే మాస్కు తగిలించి, బెల్టు చెవుల మీదుగా సర్ది, తలగడ సవరించింది. సర్దుతున్న ఆ చేతిని ఆయన పట్టుకున్నాడు. లోపం ఆ పాతదాంట్లోనే ఉండాలి దేవుడా, ఈ రాత్రయినా ఈ మనిషి నిద్రపోవాలి అనుకున్నాడు.

మెకానిక్ మంచం తలాపున ఉన్న సాకెట్టు వైపు వంగాడు. ఆవిడ కళ్లు మూసుకుంది. వాసన పట్టేటప్పుడు ఆవిడకు అది అలవాటు.

“వస్తోంది,” అంది.

“అప్పుడేనా?” మెకానిక్ గొంతు తలాపు నుంచి వినిపించింది.

“అదే వాసన. రబ్బరూ, జుట్టూ. అయ్యో, ఇది కూడానా! ఇంత ఘాటుగా ఎప్పుడూ రాలేదు. ఆపెయ్యి నాయనా, ఆయన ఊపిరిలోకి పోతోంది, ఆపెయ్యి!”

ఆయన చేతిలో ఆవిడ వేళ్లు బిగుసుకుపోయి, వాటంతటవే ఎగిరెగిరి పడుతున్నాయి. మాస్కులోకి గాలి ఎప్పుడొస్తుందా అని ఆయన ఎదురుచూశాడు. రాలేదు. తల వెనక్కి తిప్పి మెకానిక్‌ను చూశాడు. వంగినవాడు వంగినట్టే ఉండిపోయి, కళ్లార్పకుండా ఆవిడనే చూస్తున్నాడు.

ప్లగ్గు ఇంకా అతని చేతిలోనే ఉంది.