వెనక తలుపు

గొడ్డలి దెబ్బకు కుట్టు దుకాణం తలుపు చీలింది.

"సవితా! బోధన్ ఇడిసి నిజామాబాద్‌ల దాక్కుంటే దొరకవనుకున్నవా?" బయట మొగుడు ధనుంజయ్ అరుస్తున్నడు.

సవిత కుట్టుమిషన్ను తలుపుకు అడ్డం జరిపింది. "గీడున్నట్టు వానికి ఎవలు చెప్పిండ్రే కావ్యా? సదువు గూడ రాదాయె!"

దుకాణం వెబ్‌సైట్ చేసిన కావ్య కూడా మిషన్ను గట్టిగ ఒత్తిపట్టింది. "నేనే అక్కా. సదువు రానోళ్లు నోటితో అడిగినా ఫోను చెప్పాలని, నీ పేరు, అడ్రసు, గిరాకీలు అడిగే సవాళ్లు, వాటి జవాబులు అన్నీ వెబ్‌సైట్ల దానికి సమజయ్యేటట్టు రాసిన."

దెబ్బలు ఆగినయ్. బయట ధనుంజయ్ ఫోనును అడుగుతున్నడు: "సవిత దుకాణానికి ఇంకో తొవ్వ ఉన్నదా?"

ఫోను తియ్యగా చెప్పింది: "ఉంది. మహిళల కోసం వెనక గల్లీలో తలుపు ఎప్పుడూ తెరిచే ఉంటుంది."