దెబ్బ లేని శిక్ష

కుక్కపిల్ల నోట్లో వల దారాలు వేలాడటం చూసి ఆదిశేషమ్మ చీపురు తిరగేసింది.

"అయ్యో అయ్యో! కొత్త నైలాన్ వల! పల్లె మొత్తానికి మనకే ఉండాదని నలుగురూ వచ్చి చూసిపోతుంటే, దీని పళ్ళకి అదే దొరికిందంట్రా?"

చీపురు గాల్లోకి లేచింది. కొడుకు రమణయ్య చెయ్యి అడ్డం పెట్టాడు. వల అతనిదే. కొరికిన చోట తలకాయ పట్టేంత కంత పడింది. అది అల్లుకునేదాకా సముద్రంలోకి పోయే పని లేదు. అయినా గొంతు పెంచలేదు.

"కొట్టబాకమ్మా. పసిది. దెబ్బ ఎందుకు పడిందో కూడా దానికి తెలవదు."

"మరి ముద్దు పెట్టుకోమంటావా?"

"ఎవరూ పలకరించబాకండి. దగ్గరికొస్తే మొహం తిప్పుకోండి. తప్పు చేసినానని దానికే తెలస్తాది."

ఆదిశేషమ్మకి ఒళ్ళు మండిపోయింది. "ఇదొక శిక్షా! మీ నాయనైతే తెడ్డు తీసుకునుండేవాడు!" అని, వంటింటివైపు తిరక్కుండానే అంది. "ఆ అమ్మికి గూడా చెప్పు. చాటుగా చేపముక్క పడేస్తాదేమో."

ఆ అమ్మి అంటే కోడలు చెంచులక్ష్మి. తనకి చెప్పకుండా పుట్టింటికి పోయొచ్చిందని ఎండాకాలం నుంచీ ఆదిశేషమ్మ ఆ పిల్లతో మాట్లాడటం లేదు. ఏం కావాలన్నా కొడుకుతోనో, గోడతోనో చెప్పేది.

రమణయ్య వసారాలో కూచుని వల అల్లుకుంటున్నాడు. కుక్కపిల్ల వచ్చి అతని మోకాలికి తల రుద్దింది. అతను చూపు ఎత్తలేదు. వంటింట్లోకి పోతే చెంచులక్ష్మి పొయ్యివైపు తిరిగింది. చివరికి అది ఆదిశేషమ్మ ముందు వెల్లకిలా పడి పొట్ట చూపించింది. ఆమె విసురుగా కాళ్ళు వెనక్కి లాక్కుంది.

పొద్దు వాలేసరికి అది నులకమంచం కిందికి దూరింది. పెట్టిన పులుసన్నం ముట్టలేదు. ఎవరి అడుగు వినపడ్డా తోక కొంచెం ఆడించేది. ఆ మనిషి దాటిపోగానే మానుకునేది.

కోట ఊరి సంతకి ఎండుచేపలు ఏరుతూ ఆదిశేషమ్మ దానివంక చూసింది. మళ్ళీ చూసింది. చేతిలో చేట విసిరికొట్టింది.

"ఒరే రమణయ్యా! నువ్వు మనిషివేనా?"

"ఏందిమా?"

"నేను కొడతానంటే పాపమన్నావే! ఒక్క దెబ్బ వేసుంటే కుయ్యోమని ఏడ్చి, మళ్ళీ ఒళ్ళోకొచ్చి పడుకునేది. ఒకే ఇంట్లో కళ్ళముందర తిరగతా ఉంటే, లేనట్టే చూస్తే ఏ ప్రాణం తట్టుకుంటాదిరా? కూడు ముట్టలేదు చూడు! దెబ్బకంటే అన్యాయం కాదా ఇది?"

"నువ్వు గూడా మొహం తిప్పుకున్నావు గదమ్మా."

"తిప్పుకున్నా! బుద్ధి లేక తిప్పుకున్నా!"

ఆ అరుపు వీధిదాకా వినపడింది. వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆదిశేషమ్మ మంచం పక్కన చతికిలబడింది. పులుసన్నం చిప్ప ముందుకు జరిపి చెయ్యి చాపింది. ఇప్పుడా గొంతులో కోపం లేదు.

"రా అమ్మీ. నా తల్లి గదా. తప్పు నీ ఒక్కదానిదేనా? ఇంక నీమీద కోపం లేదు. రా, నా దగ్గర కూచుని రెండు ముద్దలు తిను."

మంచం కింద కుక్కపిల్ల ఇంకా బెదురుగానే చూస్తోంది.

ఆమె వెనక, వంటింటి గడప మీదికి చెంచులక్ష్మి వచ్చి నిలబడి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"వస్తుండా అత్తా."