పగుళ్లు పూడ్చే మనిషి

"మళ్లీ వచ్చావా?"

గుమ్మంలో తాపీ పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషిని చూసి టైలరు విసుక్కున్నాడు. ఈ ఒంటిగది ఇంట్లో దిగిన రోజు నుంచి ఇదే వరస.

"గోడ పగుళ్లు పూడ్చి వెళ్లిపోతానండీ. కూలి అక్కర్లేదు."

ఊరికే పనిచేస్తానన్నవాణ్ణి నమ్మేంత వెర్రివాడు కాదు టైలరు. పైగా కూతురి జ్వరం తగ్గినట్టే తగ్గి తిరగబెట్టి, మళ్లీ తగ్గింది. ఆ దిగులు ఒకటి.

"అసలు నా గోడలతో నీకేం పని?"

"వాటిలో పిడుదులు ఉంటాయండీ."

"పిడుదులు పశువులకి పడతాయి. మేం పశువుల్లా కనిపిస్తున్నామా?"

"ఇవి వేరే రకం. ఒళ్లు మెత్తగా ఉంటుంది. మనం నిద్రలో ఉండగా వచ్చి, అరగంటలో రక్తం తాగేసి మళ్లీ గోడలోకి దూరిపోతాయి. కుట్టినట్టే తెలీదు. పాప జ్వరం వాటివల్లేనేమో."

టైలరుకి నవ్వొచ్చింది.

"అయిదేళ్లు తాళం వేసి ఉన్న ఇల్లయ్యా ఇది! అన్నాళ్లు తిండి లేకుండా ఏ పురుగు బతుకుతుంది?"

"ఇది బతుకుతుందండీ."

"చాల్చాల్లే, దయచెయ్యి."

వెళ్లాడు గాని, మర్నాడు టైలరు కొట్టుకెళ్లాక మళ్లీ తలుపు తట్టాడు.

మంచాన పడి లేచిన పిల్ల ఎదురుగా ఉంటే తల్లికి మొగుడి మాట ఏం గుర్తుంటుంది? "రండన్నయ్యా" అంది.

అతను పగులులోంచి పుల్లతో ఒకదాన్ని లాగి కాగితం మీద పెట్టాడు. ముడతలు పడి, ఎండిపోయి ఉంది. చచ్చిందనుకుని ఆమె వంగి చూసింది.

ఊపిరి తగలగానే అది కాళ్లు కదిపింది.

ఆమె కెవ్వుమంది. పిల్లని గబగబా పక్కింట్లో దిగబెట్టి వచ్చింది. అతను పగుళ్లన్నిటిలో మందు కొట్టి, సిమెంటు పెట్టడం మొదలుపెట్టాడు.

చివరి పగులు నున్నగా రుద్దుతుండగా టైలరు భోజనానికి వచ్చాడు.

"నేను లేకుండా చూసి ఇంట్లో దూరతావా!"

మెడపట్టి బయటికి గెంటాడు. సిమెంటు బొచ్చె వీధిలోకి విసిరేశాడు. ఇరుగుపొరుగు చోద్యం చూశారు.

అతను తాపీ ఏరుకున్నాడు.

"నన్నేమన్నా ఫర్వాలేదండీ. మళ్లీ జ్వరం వస్తే మాత్రం తగ్గేదాకా ఆగకండి. ఒళ్లు కాలిపోతుండగానే ఆసుపత్రిలో రక్తపరీక్ష చేయించండి."

నాలుగో రోజు జ్వరం రానే వచ్చింది.

"ఇంత ఎండలో ఎలా తీసుకెళ్తాం? కాస్త తగ్గనీ" అన్నాడు టైలరు.

"తగ్గేదాకా ఆగొద్దన్నాడుగా!" భార్య అప్పటికే పిల్లని భుజాన వేసుకుంది.

డాక్టరు రక్తపు చుక్కని మైక్రోస్కోపు కింద చాలాసేపు చూశాడు.

"దొరికింది. జ్వరం దిగాక వస్తే ఈ క్రిమి కనబడేది కాదు. మందుంది, భయపడకండి. ఇంకోసారి తిరగబెడితే మాత్రం పిల్ల తట్టుకునేది కాదు. ఇలా జ్వరంలోనే తీసుకురమ్మని ఎవరు చెప్పారు?"

"ఎవరో తాపీమేస్త్రీ అండీ. మా పగుళ్లు కూడా ఆయనే పూడ్చాడు." టైలరు తల ఎత్తలేకపోయాడు. "నేనే మెడపట్టి గెంటాను. ఎక్కడుంటాడో తెలిస్తే వెళ్లి కాళ్ల మీద పడతాను."

డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నిన్ననే ఊరు విడిచి వెళ్లిపోయాడు. ఇక తనకిక్కడ పని లేదన్నాడు. పగుళ్లు పూడుస్తాను తాళం తీయమంటే మీ ఇంటి యజమాని తీయలేదు. ఎవరైనా అద్దెకి దిగుతారేమోనని అయిదేళ్లూ రోజూ మీ వీధికి వచ్చి చూసి వెళ్లేవాడు."

"ఎందుకండీ? ఆ ఇల్లు ఆయనకేమవుతుంది?"

"ఏమీ కాదు. మీకు ముందు ఆ గదిలో ఓ పిల్లాడు ఉండేవాడు. వాడినీ ఇక్కడికే తెచ్చారు, కాకపోతే జ్వరం దిగాక. రక్తంలో ఏమీ లేదని రాసిచ్చాం. పిల్లాడు దక్కలేదు."

డాక్టరు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు.

"ఆయన మేస్త్రీ కాదండీ. ఆ కాగితం మీద సంతకం పెట్టిన మా ల్యాబు టెక్నీషియను."