ఉమ్మడి గోడ

"ఆ గోడ మీద ఇంకో దెబ్బ పడిందంటే నీ గునపం విరిచి పొయ్యిలో పెడతా!" జౌదత్ తన వంటింట్లోంచి అరిచాడు.

"గోడలో సగం నాది. నా సగం నేను కొట్టుకుంటా, నీకేం?" అవతలి నుంచి షబ్తాయ్ అంతకన్నా గట్టిగా అరిచాడు.

జెరూసలేం పాత బస్తీలో అరబ్బు జౌదత్‌కీ, యూదుడు షబ్తాయ్‌కీ పక్కపక్క ఇళ్ళు. రెండిళ్ళకూ గోడ ఒకటే, దాని కింద మురుగు గొట్టమూ ఒకటే. పొద్దున్న అది కాస్తా పగిలింది. జౌదత్ వంటింట్లో మడమలోతు మురుగు. ఇంకో నాలుగు వేళ్ళు పెరిగితే గడప దాటి, మంచం పట్టిన వాళ్ళమ్మ గదిలోకి పోతుంది. షబ్తాయ్ స్నానాల గదిదీ అదే గతి.

"నువ్వు పైన లేపిన గది బరువుకే పగిలింది," అన్నాడు జౌదత్.

"లేపుతా. ఈ ఊరు మాది. మూడు వేల ఏళ్ళ కిందట మా రాజు కట్టించాడు."

"అలాగా! అంత పెద్ద రాజుకి మురుగు గొట్టం వేయించడం చేతకాలేదేం? ఈ ఇంట్లో మావాళ్ళు పదమూడు తరాలుగా ఉన్నారు. నువ్వు నిన్నగాక మొన్న దిగావు."

"దిగలేదు, తిరిగొచ్చాం!"

వీధి వీధంతా జౌదత్‌ని పెద్దకొడుకు పేరు కలిపి 'అబూ నాదిర్', అంటే నాదిర్ నాన్న, అని గౌరవంగా పిలుస్తుంది. షబ్తాయ్ మాత్రం ఇరవై రెండేళ్ళలో ఒక్కసారీ అలా పిలిచిన పాపాన పోలేదు. పిలిస్తే ఊరు రాసిచ్చినట్టవుతుందని కాబోలు!

లోపలి గదిలోంచి ముసలామె కేక వేసింది. "ఒరేయ్, మీ ఇద్దరి నోళ్ళూ పడిపోనూ! ఊరు ఎవరిదో తర్వాత తేల్చుకుందురు గాని, మురుగు నా మంచం కిందికి వస్తోందిరా!"

రెండు వైపుల నుంచీ గునపాలు పడ్డాయి. సున్నం పెళ్ళలు రాలి, గోడకి కన్నం పడింది. అందులోంచి బురద కొట్టుకున్న మొహాలు రెండూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. నడిమధ్యన పీటంత రాయి ఒకటి ఇరుక్కుని ఉంది. దాని మీద ఏవో అక్షరాలు చెక్కి ఉన్నాయి.

ఇన్నేళ్ళ తగువుకి సాక్ష్యం ఇంట్లోనే దొరికింది!

షబ్తాయ్ చొక్కా చేత్తో రాయిని తుడిచాడు. "చూశావా? మా అక్షరాలే!"

"ముందు కళ్ళజోడు తుడుచుకో. ఆ వంపు చూడు, మా సుల్తానుల నాటిది."

సగం అక్షరాల్లో మట్టి గడ్డకట్టుకుపోయింది. ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. చెరోవైపూ పట్టి కదిపితే రాయి జౌదత్ వంటింట్లోకి జారింది. దాన్ని దించుతుండగా జౌదత్‌కి రొట్టెల హమ్దాన్ గుర్తొచ్చాడు.

మా జెరూసలేంలో నేల తవ్వేవాడు దేవుణ్ణి కోరుకునేది ఒక్కటే, ఏమీ దొరక్కూడదని. వీధి చివర హమ్దాన్ పొయ్యి బాగుచేసుకుంటుంటే పాతకాలపు కుండ బయటపడింది. పాత వస్తువుల ఆఫీసు నుంచి మనుషులొచ్చి చుట్టూ తాడు కట్టి, తలుపుకి సీలు వేసి పోయారు. ఎనిమిదేళ్ళయింది. పాపం హమ్దాన్ ఊరి బయట బావమరిది పంచన బతుకుతున్నాడు. ఊరి బయట ఉంటున్నాడని, ఊళ్ళో ఉండేందుకు సర్కారిచ్చిన కార్డు కూడా రద్దు చేశారు.

జౌదత్ తల్లి గది వైపు చూశాడు. ఈ ఇల్లు పోతే ఆమెను ఎక్కడికని మోసుకుపోతాడు?

"షబ్తాయ్, నువ్వన్నదే నిజం," అన్నాడు మెల్లగా. "ఇవి మీ అక్షరాలే. పట్టుకుపో."

షబ్తాయ్‌కీ హమ్దాన్ గతి గుర్తొచ్చింది. పైన లేపిన గదికి అనుమతి కాగితం లేదు, ఆఫీసువాళ్ళు వచ్చి చూస్తే కూలగొట్టిస్తారు. నెలలు నిండిన కోడలు అందులోనే పడుకుంటోంది. "అబ్బెబ్బే! ఆ వంపు మీ సుల్తానులదే. ఏదో తొందరపడి అన్నాను."

"మూడు వేల ఏళ్ళ ఆస్తిని వదులుకుంటావా?"

"పదమూడు తరాల ఇంట్లో దొరికింది నాదెలా అవుతుందయ్యా?"

వీధి తలుపు దబదబమంది. "తలుపు తియ్యండి! తవ్వుతున్నారని ఫిర్యాదు వచ్చింది. పాత వస్తువుల ఆఫీసు!"

రాయిని మళ్ళీ కన్నంలోకి ఎత్తే వ్యవధి లేదు. షబ్తాయ్ కన్నంలోంచి దూరి ఇవతలికి వచ్చిపడ్డాడు. ఇరవై రెండేళ్ళలో ఆ ఇంట్లో అతను అడుగు పెట్టడం అదే మొదలు. ఇద్దరూ కలిసి రాయిని మురుగులో బోర్లా తోశారు. జౌదత్ వెళ్ళి తలుపు తీశాడు.

ఇన్‌స్పెక్టర్ కుర్రవాడు. ముక్కు మూసుకుని, మెరిసే బూట్లు తడవకుండా చోటు వెతుక్కుని, తిన్నగా వచ్చి ఆ రాయి మీదే నిలబడ్డాడు. టార్చ్ వేసి గోడ చూశాడు, నేల చూశాడు. జౌదత్‌ను వదిలేసి షబ్తాయ్ వైపు తిరిగాడు.

"మీరు చెప్పండి పెద్దాయనా. అక్షరాలున్న రాయిగానీ, కుండ పెంకుగానీ, చరిత్రకి పనికొచ్చేది ఏమైనా దొరికిందా?"

జౌదత్ షబ్తాయ్ చేతివైపే చూస్తున్నాడు. కిందికి వేలు చూపిస్తే చాలు, రాయి ఎవరిదో ఇన్నాళ్ళకు తేలిపోతుంది. షబ్తాయ్ ఆ బూట్ల వైపు చూశాడు. తెరిచి ఉన్న గదిలో, మంచం మీద కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతున్న ముసలామెను చూశాడు. తల ఎత్తి పై గది వైపు కూడా చూశాడు.

"మా ఊళ్ళో చరిత్రా గిరిత్రా ఏమీ లేదు బాబూ, ఉన్నదల్లా మురుగే," అన్నాడు షబ్తాయ్. "కావాలంటే మా అబూ నాదిర్‌ని అడుగు."