నీలం లైటు పడేదాకా

“చేతులు చూడండమ్మా, ఎలా వణుకుతున్నాయో!” అన్నాడతను, రెండు చేతులూ ముందుకు చాపి.

పెద్దావిడ వాటిని తన చేతుల్లోకి తీసుకుంది. మంచుముక్కల్లా ఉన్నాయి.

“మొదటిసారా నాన్నా?”

“అవును. అసలు పోయిన వారమే కావలసింది. జ్వరమని అబద్ధమాడి ఇంట్లో ముసుగుతన్ని పడుకున్నాను. ఇవాళ కూడా తప్పించుకొస్తే గడప తొక్కనివ్వనంది మా అమ్మ.”

ఆవిడ పకపకా నవ్వింది.

గది మధ్య పళ్ళ వైద్యం కుర్చీ వాలుగా పరిచి ఉంది. పక్కన ట్రేలో సామాన్లన్నీ సిద్ధం. ఇవాళ వెనక్కి తిరిగితే ఇక జన్మలో ఈ గదిలోకి రాలేనని అతనికి తెలుసు. పన్ను సంగతీ అంతే. పుచ్చు ఇంకాస్త లోపలికి దిగితే పీకడం తప్ప దారి లేదు.

“మా ఆయన నీకంటే ఘనుడు. ఈ కుర్చీ చూడగానే చెప్పులు కూడా వదిలేసి ఒకటే పరుగు. ఆ చెప్పులు పట్టుకుని వీధంతా వెనకాల నేను!”

అతనికీ నవ్వొచ్చింది. వణుకు మాత్రం తగ్గలేదు.

“మధ్యలో నొప్పి పుడితే?”

“చెయ్యెత్తితే ఆపెయ్యడమే. దానికేముంది?”

“పన్నులో పెట్టింది ఊడిపోతే?”

“మళ్ళీ పెట్టడమే. ఇదివరకటి సిమెంటయితే కలిపిన దగ్గర్నుంచీ కంగారే, మన కోసం ఆగేది కాదు. ఈ ముద్ద అలా కాదు నాన్నా. నీలం లైటు పడేదాకా మెత్తగా, బుద్ధిగా కూర్చుంటుంది, పడ్డాకే గట్టిపడుతుంది. కాస్త ముద్ద, కాస్త లైటు. మళ్ళీ కాస్త ముద్ద, కాస్త లైటు. మనల్ని తరిమేవాళ్ళెవరూ లేరు. లైటు వంక మాత్రం చూడకు, కళ్ళకి మంచిది కాదు.”

తలుపు సందులోంచి నర్సు తొంగి చూసింది.

“ఇంకా మొదలవలేదా?”

“ఒక్క నిమిషం తల్లీ. ధైర్యం తెచ్చుకుంటున్నాం.”

నర్సు మూతి బిగించి నవ్వాపుకుంటూ తలుపు వేసింది.

పెద్దావిడ గ్లాసుతో మంచినీళ్ళు అందించింది. అతను గటగటా తాగేశాడు. గట్టిగా ఊపిరి పీల్చి వదిలాడు. చేతులు వెచ్చబడ్డాయి. వేళ్ళ వణుకు ఆగింది.

“ఏం, సిద్ధమేనా?”

“సిద్ధమేనమ్మా.”

“అయితే ఇక కానివ్వండి డాక్టరుగారూ” అంటూ, ఆ గదిలో ఇప్పటికే సగం పళ్ళు పూడ్పించుకున్న పెద్దావిడ కుర్చీ ఎక్కి, వెనక్కి వాలి, నోరు బార్లా తెరిచింది.